40 మి.మీ. ఎత్తు లేపిన పాత కారు: నాలుగేళ్ల తర్వాత స్టీరింగ్, అలైన్‌మెంట్ సంగతులు

నాది 20 ఏళ్లు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాలతో లాగే బండి. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు), వెనక బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. నలుగురం ఎక్కితే చాలు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అడుగు గీసుకునేది. నాలుగేళ్ల కిందట ముందూ వెనకా 40 మి.మీ. స్పేసర్లు, అంటే బండిని ఎత్తు లేపే దిమ్మలు, వేయించాను. అప్పటి నుంచి సుమారు 52 వేల కిలోమీటర్లు తిరిగాను. అడుగు తగలడం ఆ రోజుతోనే ఆగిపోయింది, ఆ విషయంలో నాకు ఏ లోటూ లేదు. మిగతా కథంతా స్టీరింగ్‌దే.

మొదటి రోజే తేడా తెలిసింది. రోడ్డు తిన్నగా ఉన్నా స్టీరింగ్ ఓ పక్కకు ఒరిగి ఉండేది, బండి ఎడమకు లాగేది. మలుపు తిరిగి చేయి వదులు చేస్తే స్టీరింగ్ దానంతటదే మధ్యకు రావాలి కదా, సగం దాకా వచ్చి ఆగిపోయేది. 80 దాటాక రోడ్డులో చిన్న పల్లం వచ్చినా బండి పక్కకు జరిగినట్టు అనిపించేది. గంటసేపు నడిపితే భుజాలు పట్టేసేవి.

వెంటనే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం, చేయించాను. వాళ్లిచ్చిన కాగితంలో టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండు వైపులా పచ్చగా ఉంది, క్యాంబర్ (ఎదుటి నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) మాత్రం ఎరుపు. ఎడమ చక్రం పైభాగం 1 డిగ్రీ 10 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు) బయటికి వాలింది, కుడిది 40 నిమిషాలు. ‘ఈ కారుకి క్యాంబర్ సెట్టింగ్ ఉండదు సార్, టో చేసేశాం, ఇక లాగదు’ అన్నారు. నమ్మి తీసుకొచ్చేశాను. స్టీరింగ్ నిటారుగా నిలబడింది కానీ ఎడమకు లాగడం పోలేదు. పోదు కూడా, చక్రం పైభాగం ఏ వైపు ఎక్కువ బయటికి వాలితే బండి ఆ వైపుకే పోతుంది.

ఏడు వేల కిలోమీటర్లకు ముందు టైర్లు రెండూ విప్పి చూశాను. ఎడమ టైరు బయటి అంచు నున్నగా అయిపోయింది, లోపలి అంచు మీద గాళ్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. టో తప్పితే వచ్చే అరుగుదల వేరు. అరచేయి అడ్డంగా రుద్దితే ఒక దిక్కున జారిపోతుంది, రెండో దిక్కున రంపం పళ్లలా గీరుకుంటుంది. నా టైరుకి ఆ గీరుడు లేదు, అంటే టో సరిగ్గానే ఉంది, దోషం క్యాంబర్‌దే. ఈ చేతి పరీక్షకు మెషీన్ అక్కర్లేదు. ఎత్తు పెంచినవాళ్లు నెలకోసారి చేసుకోండి.

క్యాంబర్ సెట్టింగ్ లేదన్న మాట సగమే నిజం. స్ట్రట్టునూ, చక్రాన్ని మోసే నకిల్ అనే ఇనుప ముక్కనూ కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్టు వేయొచ్చు. దాని నడుమ భాగం ఒక పక్కకు ఉబ్బి ఉంటుంది, తిప్పే కొద్దీ చక్రం లోపలికో బయటికో వాలుతుంది. నాకు ఒక్కో వైపు డిగ్రీకి పైనే దొరికింది. ఒరిజినల్ బోల్టు కంటే సన్నగా ఉంటుంది కాబట్టి టార్క్ రెంచ్‌తో, ఆ బోల్టుకు చెప్పిన లెక్కకే బిగించాలి. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది. అందుకే ముందు క్యాంబర్, చివర్లో టో. తొందరలో ఈ వరస తప్పిస్తే మళ్లీ మొదటికే.

స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి నా బండిలో రెండు కారణాలు దొరికాయి. ఒకటి, స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగులు తుప్పు పట్టాయి. స్పేసర్ వేసేటప్పుడు పాతవే మళ్లీ బిగించారు. రెండోది, వెనక భాగం ముందు కంటే 15 మి.మీ. ఎక్కువ లేచింది. బండి ముక్కు వంచినట్టయి కాస్టర్ తగ్గింది. కాస్టర్ అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చేది అదే. చక్రాల మధ్య దూరం 2,400 మి.మీ. అనుకుంటే ఆ తగ్గుదల డిగ్రీలో మూడో వంతు. చూడ్డానికి చిన్న అంకె, కానీ బేరింగులు మార్చి, వెనక స్పేసర్ పలచనిది వేశాక స్టీరింగ్ తేలిగ్గా మధ్యకు వచ్చేసింది.

అన్నిటికంటే బాధపెట్టింది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బర్లు. కొత్తవి వేయించిన 14 నెలలకే చిరిగిపోయాయి. బండి లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, బోల్టు పట్టేసిన రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటుంది. రెండోసారి నేనే దగ్గరుండి బండిని ర్యాంపుల మీదకి ఎక్కించి, బరువంతా చక్రాల మీద ఉండగా బోల్టు వదులు చేయించాను. ‘టప్’మని చప్పుడొచ్చి ఆర్మ్ కొంచెం సర్దుకుంది, మెలి వదిలింది. అలాగే ఉంచి బిగించాం. ఇప్పటికి రెండున్నరేళ్లు, రబ్బరు మీద గీత కూడా లేదు.

ఇక అలైన్‌మెంట్‌తో ఎప్పటికీ తీరని సమస్య ఒకటుంది, బంప్ స్టీర్. లోయర్ ఆర్మ్, స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే టై రాడ్ రెండూ బండి లోపలి నుంచి చక్రానికి వెళ్తాయి, చక్రం ఎగిరినప్పుడు రెండూ చెరో వంపులో తిరుగుతాయి. కంపెనీ ఎత్తులో ఆ వంపులు ఒకదానికొకటి సరిపోయేలా పెడతారు. ఎత్తు లేపితే రెండూ కిందికి వంగి, లెక్క తప్పుతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా టో మారుతూనే ఉంటుంది. మెషీన్ కొలిచేది బండి నిలబడి ఉన్నప్పటి అంకె. పల్లంలో బండి పక్కకు జరిగినట్టు అనిపించింది ఇందుకే.

దీనికి నాకు దొరికిన మందు ఎత్తు తగ్గించడమే. రెండేళ్ల కిందట 40 తీసేసి ముందు 25 మి.మీ. వేయించాను, వెనక దానికి తగ్గట్టు సరిచేయించాను. 15 మి.మీ. తగ్గగానే హైవే మీద బండి మళ్లీ నా బండిలా నడిచింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ నుంచి మొదలైన టక్ టక్ శబ్దానికి మాత్రం జాయింటే మార్చాల్సి వచ్చింది. 40 ఉన్న రోజుల్లో షాఫ్ట్ వంపు ఎక్కువై జాయింటు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, గ్రీజు బయటికి పోయి, దుమ్ము చేరింది.

బ్రేకుల మాట కూడా చెప్పాలి. వెనక యాక్సిల్‌కు స్ప్రింగుతో కలిపిన బ్రేక్ వాల్వు ఉన్న పాత బండ్లలో, ఎత్తు పెరిగితే బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకుల ప్రెషర్ తగ్గిస్తుంది. నా బండికీ అదే ఉంది, సరిచేయించాను. హెడ్‌లైట్లు కూడా దించుకోవాలి, లేకపోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

మీ పాత కారును లేపాలనుకుంటే నేను 25కు మించి వెళ్లొద్దనే చెబుతాను. స్పేసర్లు కొనేముందే బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూపించుకోండి. లూజు ఉన్న బండికి అలైన్‌మెంట్ నిలవదు. మొదటి అలైన్‌మెంట్ అయ్యాక వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ చూపించుకోండి, ఈలోగా అన్నీ సర్దుకుంటాయి.

మొన్న క్యాంబర్ కొలిపిస్తే ఎడమ చక్రం పైభాగం 10 నిమిషాలు, కుడిది 15 నిమిషాలు లోపలికి వాలి ఉన్నాయి. 30 వేలు తిరిగిన ఇప్పటి టైర్లు అడ్డంగా సమంగా అరిగాయి. కుడి టై రాడ్ ఎండ్‌లో మాత్రం చిన్న లూజు తగిలింది. ఈ వారం అది మార్పించి, టో మళ్లీ పెట్టించాలి.