పాత వెండి సిగరెట్ కేసు కొంటున్నారా? ముద్రల మీద ఒకసారి ఊపిరి ఊదండి

హైదరాబాద్‌లో పాత వెండి సామాను కొనేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. పాతబస్తీలో ఒక దుకాణంవాళ్లు 'బర్మింగ్‌హామ్ వెండి, 1902 నాటిది, నవాబుగారి దేవిడీలోంచి వచ్చింది' అని చెప్పి అమ్మిన సిగరెట్ కేసు వెండిది కాదని తేలింది. అది జర్మన్ సిల్వర్ మీద వేసిన వెండి పూత. పేరులో సిల్వర్ ఉన్నా ఆ లోహంలో వెండి రవ్వంత కూడా ఉండదు, ఉండేది రాగి, నికెల్, జింక్.

మోసమంతా ముద్రల్లోనే ఉంది. మూత లోపల లంగరు, నడిచే సింహం, చిన్నబడి 'సి' ఉన్నాయి. లంగరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్షా కేంద్రానిది, సింహం 925 స్వచ్ఛతకు (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి) గుర్తు, సంవత్సరాన్ని చెప్పే అక్షరం ఆ 'సి', అది 1902-03కి. మూడూ అసలువే! వేరే చిన్న వెండి వస్తువు నుంచి ముద్రలున్న ముక్కను కోసి, ఇక్కడ టంకంతో అతికించి, పైన పూత వేశారు. మామూలుగా చూస్తే కనబడదు. ముద్రల మీద నోటితో ఆవిరి ఊదండి. తేమ ఆరిపోయే ఆ రెండు మూడు సెకన్లలో చుట్టూ నలుపలకగా సన్నటి గీత తేలుతుంది. అతుకు అదే. ఒకే రేకైతే మసక అంతటా ఒకేలా పట్టి ఒకేలా ఆరుతుంది.

తర్వాత రెండు సగాలూ పోల్చి చూడండి. ఇంగ్లండు కేసులో మూతకూ అడుగుకూ విడివిడిగా ముద్రలుండాలి, సంవత్సరం అక్షరం కలవాలి. ఈ కేసు అడుగున 'ఎఫ్' ఉంది, అంటే 1905-06. ఒకే డబ్బాకు రెండు పుట్టిన సంవత్సరాలు ఎలా కుదురుతాయి? అక్షరం రూపం కూడా ముఖ్యం: గోతిక్ లిపిలో (కోణాలు తేలిన పాతకాలపు అక్షరాల్లో) అదే 'సి' అయితే బర్మింగ్‌హామ్‌లో 1877-78. పన్ను కట్టినట్టు వేసే రాజు లేదా రాణి తల ముద్ర 1890తో ఆగిపోయింది కాబట్టి, 1902 అని చెప్పే వస్తువు మీద అది ఉండకూడదు. సింహం పక్కనే 925 అని అంకెలుంటే ఇంకా అనుమానించాలి. అక్కడ ఆ అంకెలు తప్పనిసరి అయింది 1999లో.

నీళ్ల పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. 0.1 గ్రాము చూపించే త్రాసు కావాలి. లోపలి ఎలాస్టిక్ తీసేసి కేసును తూచండి. త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. కేసు తెరిచి, దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచండి. మొదటి బరువును ఇప్పుడు కనబడే అంకెతో భాగిస్తే 925 వెండికి 10.3 దగ్గర రావాలి, జర్మన్ సిల్వర్‌కు 8.7 దగ్గర వస్తుంది. 124 గ్రాముల కేసుకు 12 గ్రాములు చూపాల్సిన చోట ఇది 14 దాటింది. కీలు సందులో గాలి బుడగలుంటే మంచి వెండి కూడా తప్పినట్టు కనబడుతుంది, నీళ్లలో ఆడించి బుడగలు పోగొట్టండి.

'మిషన్‌లో చూపించాం, వెండే వచ్చింది' అంటే సరిపోదు. ఎక్స్‌ కిరణాలతో లోహాన్ని గుర్తించే ఆ ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ పైపొరనే చదువుతుంది, మందపు పూతకు మోసపోతుంది. కీలు మూలలో, అరిగిన అంచు దగ్గర చూడమనండి.

హుక్కా కుండల గురించి ఇంకో మాట. బిద్రీ కుండను 'నల్ల వెండి' అని చెప్పి తూకం మీద వెండి ధర కడుతున్నారు. బిద్రీలో ఒళ్లంతా జింక్, కొంచెం రాగి. వెండి ఉండేది పైన పొదిగిన తీగల్లో, రేకుల్లోనే. మెడ లోపల నల్లరంగు పట్టని చోట చూస్తే బూడిదరంగు జింక్ కనిపిస్తుంది. గుండ్రటి ఆకారం పాతది, గంట ఆకారం 18వ శతాబ్దం మధ్య నుంచి వచ్చింది, కానీ ఆకారాన్ని ఎవరైనా పోత పోయగలరు.

'అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుకోండి' అనే మాటా నమ్మకండి. నిజంగా వందేళ్లు నిండితే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అది పురావస్తువు, సొంతంగా దేశం దాటించకూడదు.

బిల్లులో లోహం, స్వచ్ఛత, బరువు, ఊరు, సంవత్సరం అన్నీ రాయించుకోండి. ఈ కేసు బిల్లులో 'పాత డబ్బా – 1' అని మాత్రమే ఉంది. వాపసు అడిగితే ఆ కాగితమే చూపించి పంపించేశారు.