గులాబీ పెంపకం: అంటు మొక్కా, కొమ్మ ముక్కా?

తిరుపతిలో మిద్దె మీద తొలిసారి గులాబీ పెంచాలనుకునేవారు నర్సరీలో అంటు మొక్కను (ఒక గులాబీ వేళ్ల మీద మనం కోరిన రకాన్ని అతికించినది) కొనవచ్చు, లేదా పొరుగింటి చెట్టు నుంచి కొమ్మ తెచ్చి నాటవచ్చు.

ఖర్చు: అంటుకు సొమ్ము కావాలి, కొమ్మకు అడిగే చొరవ చాలు.

ఓపిక: అంటు తరచుగా మొగ్గలతోనే ఇంటికి వస్తుంది. పెన్సిలంత లావు, జానెడు పొడవు ఉన్న కొమ్మ వేరూనడానికే నెల పైన పడుతుంది, పూతకు నెలలు ఆగాలి.

నష్టభయం: ఇక్కడే జాగ్రత్త అవసరం. అంటు కట్టిన చోటుకు కింద, వేళ్లనిచ్చే అడుగు మొక్క నుంచి పుట్టే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయకపోతే, అవి బలమంతా లాగేసుకొని మనం కోరుకున్న రకాన్నే చంపేస్తాయి. కొమ్మ నుంచి పెరిగిన సొంత వేళ్ల మొక్కకు ఆ బెడద లేదు. కాండం ఎండినా మొదట్లోంచి అదే రకం చిగురిస్తుంది.

40 డిగ్రీలు దాటే మన ఎండల్లో రెండింటికీ మధ్యాహ్నపు నీడ కావాలి.

పెద్ద పూల సంకర రకాలు కోరేవారికి అంటు మొక్కే తగినది, ఎందుకంటే వాటిలో చాలా రకాలు సొంత వేళ్లపై బలహీనంగా పెరుగుతాయి. పూజకు పన్నీరు గులాబీ చాలనుకునేవారు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే అక్టోబరులో నాలుగైదు కొమ్మలు నాటుకోవడం మేలు.