హెపటైటిస్-సి మందు: పెద్దాసుపత్రిలోనా, మత్తు చికిత్స కేంద్రంలోనా?

సూదితో మత్తు తీసుకునే మనిషికి హెపటైటిస్-సి (రక్తం ద్వారా సోకే లివర్ జబ్బు) వస్తే మందు ఎక్కడివ్వాలి? 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితమే. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది.

వరంగల్ పెద్దాసుపత్రిలో డాక్టర్లు, స్కానింగ్, ల్యాబ్ ఒకేచోట ఉంటాయి. లివర్ బాగా గట్టిపడినవాళ్లకు అదే మేలు. కానీ ములుగు నుంచి వచ్చే కూలీకి వచ్చినప్పుడల్లా ఒక రోజు కూలి పోతుంది. ఓపీ లైన్లో ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ వేరే.

బుప్రెనార్ఫిన్ (మత్తుకు బదులుగా ఇచ్చే మాత్ర) దొరికే మత్తు చికిత్స కేంద్రానికైతే అతను రోజూ వస్తాడు. ఆ మాత్రతోపాటే హెపటైటిస్-సి మందూ ఇస్తే డోసు మిస్ అవ్వదు. కొత్త సూదులూ అక్కడే దొరికితే మళ్లీ సోకే ముప్పు తగ్గుతుంది (ఈ జబ్బుకు టీకా లేదు, నయమైనా మళ్లీ రావచ్చు). నా ఓటు దీనికే. ఎక్కడిచ్చినా, మత్తు మానితేనే మందిస్తామనడం మాత్రం అన్యాయం. మానకపోయినా ఈ మందు పనిచేస్తుంది.