ముఖాల్లోకి దిగిన అడవి

ఈ పోర్ట్రెయిట్ ప్రదర్శనలో అడవి ముఖాల వెనక తెరగా ఉండిపోలేదు. చెట్టు కింద నిలబడితే ఆకుల పచ్చదనం గడ్డం కిందికి, ముక్కు పక్కకి ఎగబాకుతుంది. చిత్రకారిణి దాన్నే పట్టుకుంది. అడుగున పలచగా పచ్చమట్టి రంగు, అది ఆరాక పైన గులాబీ, గోధుమ పొరలు. ముసలాయన చెంప ముడతల్లో ఆ పచ్చ తొంగిచూస్తుంటే ఎంత ప్రాణమో! 1563 నాటికే ఇటలీ చిత్రకారుడు ఆర్చింబోల్డో పండ్లు, ఆకులు పేర్చి ముఖాలు కట్టాడు. ఇక్కడ ఆ పని వెలుగు చేసింది.

రెండు పెద్ద కాన్వాసులు మాత్రం నిరాశపరిచాయి. నీడల్లో ఉత్త నలుపు నింపడంతో చర్మం బూడిదబారింది; అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలిపితే లోతు వచ్చేది. దీపాలు ఎదురుగా పడి వార్నిష్ మెరుస్తోంది, నిలువు నుంచి 30 డిగ్రీల కోణంలో పైనుంచి వేయాల్సింది. అక్కడ ఒక అడుగు పక్కకు జరిగి చూడండి.