గోల్ కొట్టడం నేర్పే ఎనిమిది వారాల శిక్షణ: చేరి చూశాక

హైదరాబాద్‌లో మా కాలనీకి కూతవేటు దూరంలో ఉన్న ఒక టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మైదానంలో, శని, ఆదివారాల్లో ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా ఫుట్‌బాల్‌లో కేవలం గోల్ కొట్టడం మీదే ఎనిమిది వారాల శిక్షణ ఇస్తున్నారని తెలిసి, నలభై రెండేళ్ల వయసులో 4,800 రూపాయలు కట్టి చేరాను. ఆఫీసు మిత్రులతో పదేళ్లుగా ఆడుతున్నా, కీపర్ ఎదురుపడగానే నా కాళ్లు బిగుసుకుపోయేవి, బంతి కంచె అవతల తేలేది. ఆ జబ్బుకు మందు దొరుకుతుందేమో చూద్దామన్నదే నా ఉద్దేశం. సగం దొరికింది.

ఈ మైదానంలో ఒక వైపు పూర్తి కొలతల గోల్ పోస్టు, అంటే 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్నది ఉండడం పెద్ద సౌకర్యం, ఎందుకంటే నగరంలోని టర్ఫ్‌లలో నేను ఎక్కువగా చూసినవి చిన్న పోస్టులే. మొదటి మూడు వారాలు కోచ్ ఎవరినీ గట్టిగా తన్ననివ్వలేదు. రెండు పోస్టుల పక్కన తాళ్లు వేలాడదీసి, వాటికీ పోస్టుకూ మధ్య ఉన్న సందులోకి పాదం లోపలి భాగంతో, పక్కవాడికి పాస్ ఇచ్చినంత నెమ్మదిగా పంపమన్నారు. తన్నే కాలి మీదే ధ్యాస పెట్టే మాకు, నేల మీద ఆనించిన రెండో కాలు బంతికి ఎంత దూరంలో ఉంది, దాని వేళ్లు ఎటు చూస్తున్నాయి అన్నదే చాలావరకు గురిని నిర్ణయిస్తుందని అప్పుడే అర్థమైంది. నా బంతులు కంచె దాటడానికి కారణం కూడా అదే: ఆ కాలు బంతికి జానెడు వెనకబడేది, ఒళ్లు వెనక్కి వాలేది.

అసలు విశేషం చివరి పది నిమిషాలు. పద్నాలుగు మందిమీ వరుసగా నిలబడితే, ఒక్కొక్కరు మైదానం మధ్య నుంచి ఒంటరిగా నడుచుకుంటూ వెళ్లి, 11 మీటర్ల గుర్తు దగ్గర బంతి పెట్టి కీపర్ ఒక్కడే అడ్డుగా ఉండగా ఒకే ఒక్క పెనాల్టీ కొట్టాలి. తప్పితే బ్యాచ్ మొత్తం రెండు చుట్లు పరుగెత్తాలి. అరగంట క్రితం పదికి తొమ్మిది లోపలికి పంపిన మనిషికే ఆ నడకలో గొంతు తడారిపోతుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌లో, 88వ నిమిషంలో మన హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా స్కోరు సమం చేశాక, పెనాల్టీలతో విజేతను తేల్చే షూటౌట్‌లో మన కీపర్ కట్టిమణి కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్ల పెనాల్టీలు మూడు ఆపితే నేను ఇంట్లో సోఫా మీద ఎగిరి గంతేశాను. ఆ కొట్టినవాళ్ల మీద జాలి కలగడానికి మాత్రం ఈ తరగతి కావలసి వచ్చింది. బంతి పెట్టేటప్పుడే మూల నిర్ణయించుకోండి, ఈల వినపడ్డాక ఒక ఊపిరి తీసుకోండి, మనసు మార్చుకోవద్దు అన్నది కోచ్ సూత్రం. నాలుగో వారం నేను మనసు మార్చుకున్నాను. బంతి నేరుగా కీపర్ ఒళ్లోకి వెళ్లింది.

ఒత్తిడిని ఇలా కొని తెచ్చి అలవాటు చేయడం పెద్దలకు బాగానే ఉంది. కానీ మా బ్యాచ్‌లో పన్నెండేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. ఒక బాబు తప్పినందుకు పదమూడు మంది పరుగెత్తుతుంటే, వాడు పోస్టు పట్టుకుని ఏడవడం చూడలేకపోయాను. పిల్లలకు ఆ శిక్ష తీసేయమని అడిగితే నవ్వి ఊరుకున్నారు. నాకది నచ్చలేదు.

రెండో ఫిర్యాదు వలది. ఆరో వారం మ్యాచ్‌లో, ఎడమ వైపు నుంచి వచ్చిన పాస్‌ను ఆపకుండానే కుడి పాదం లోపలి భాగంతో దూరపు మూలకు పంపాను. నా జీవితంలో అంత శుభ్రమైన గోల్ లేదు. బంతి వల కింది భాగంలో ఉన్న చిరుగులోంచి బయటికి పోయి వెనక కంచెకు తగిలింది. "అన్నా, బయటికే పోయింది" అన్నాడు అవతలి కీపర్. "లోపలికే పోయిందిరా" అని మావాళ్లు. ఐదు నిమిషాల వాదన తర్వాత కోచ్ గోల్ ఇచ్చారు గానీ, అప్పటికి నా ఆనందం చల్లారిన టీ అయింది. ఇలాంటి పేచీలు తీర్చడానికే లివర్‌పూల్ ఇంజినీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ 1890 ప్రాంతంలో గోల్ వెనక వల కట్టే ఆలోచన చేశాడు. అంత పాత పరిష్కారాన్ని కూడా సరిగ్గా అమలు చేయకపోతే ఎలా? బంతి తగిలి వల ఉబ్బి, ఆ బంతి జారి నేల మీద పడే ఆ ఒక్క క్షణం కోసమే కదా తెల్లవారుజామున లేచి రావడం.

మిగతావి చిన్నవి. సగం బంతుల్లో గాలి తక్కువ. బూట్లలో చేరే నల్ల రబ్బరు రవ్వ ఇంట్లో మంచం దాకా వస్తుంది. తాగునీరు, బండ్లు నిలిపే చోటు బాగున్నాయి.

పెద్దలు నిస్సంకోచంగా చేరవచ్చు. పిల్లలను చేర్చేవారు మాత్రం వేరే బ్యాచ్ ఉందో లేదో ముందే అడగండి. నేను వచ్చే విడతకు పేరు ఇచ్చాను. డబ్బు మాత్రం వల కుట్టించాకే కడతానని చెప్పి వచ్చాను.