రిపేర్ నేర్చుకోడానికి ఏ పాడైన స్కూటర్ మేలు: చేతక్కా, పాత యాక్టివానా, బీఎస్6 బండా?

స్టార్ట్ అవ్వని సెకండ్ హ్యాండ్ స్కూటర్ చవగ్గా వస్తోంది, కొనేసి మనమే బాగుచేసుకుంటూ పని నేర్చుకుందాం అనుకోవడం మంచిదే, కాకపోతే ఏ బండి కొన్నాం అన్నదాన్ని బట్టే నిజంగా నేర్చుకుంటామా లేక మెట్లకింద తోసేసి పాత దుప్పటి కప్పేస్తామా అన్నది తేలిపోతుంది. మనదగ్గర దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: పాత బజాజ్ చేతక్, ఎల్ఎంఎల్ వెస్పా లాంటి టూ స్ట్రోక్ గేర్ల బండ్లు, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) ఉన్న పాత హోండా యాక్టివాలు, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ రూల్ వచ్చాక అమ్మిన ఇంజెక్షన్ బండ్లు (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేవి).

ఇంజిన్ ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే మాత్రం చేతక్‌ని మించింది లేదు. యాక్టివాలో లాంటి వాల్వులు లేవు, కామ్ షాఫ్ట్ లేదు, పిస్టన్ పైకీ కిందకీ ఆడుతూ సిలిండర్ గోడలోని దారులు మూస్తుంది తెరుస్తుంది. కుడిపక్క మూత తీస్తే ప్లగ్ ఎదురుగా ఉంటుంది. రిమ్ము రెండు ముక్కలు కాబట్టి ట్యూబ్ కూడా ఇంట్లోనే మార్చుకోవచ్చు. బండిని ఓ పక్కకి వంచి కిక్కు కొట్టడం మన నాన్నల తరానికి వెన్నతో పెట్టిన విద్య, అడిగితే గంటసేపు చెప్తారు. అసలు చిక్కు ఎక్కడంటే, ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండిలో క్రాంక్ సీళ్లు (ఇంజిన్ షాఫ్ట్‌కి రెండువైపులా ఉండే రబ్బరు సీళ్లు) గట్టిపడిపోతాయి, ఒకవైపు గాలి లాగేస్తుంది, ఇంకోవైపు గేర్ ఆయిల్ లోపలికెళ్లి తెల్లపొగ కక్కుతుంది, గేర్ ఆయిల్ వైపు సీలు మార్చాలంటే ఇంజిన్ దింపి విప్పాల్సిందే. మొదటి బండి మీద ఆ పని పెట్టుకోకండి. పైగా పెట్రోల్ పోయించుకున్న ప్రతిసారీ 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) లెక్క చూసి కలపాలి, మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది.

నన్నడిగితే పాత యాక్టివాకే ఓటు, ముఖ్యంగా 2009లో వచ్చిన 110 సీసీ మోడల్ నుంచి బీఎస్6కి ముందరి బీఎస్4 దాకా. కారణం సింపుల్, సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది, విజయవాడ ఆటోనగర్ దాకా పోనక్కర్లేదు, వీధి చివర స్పేర్ పార్ట్స్ షాపులోనే ప్లగ్, బెల్టు, రోలర్లు, కేబుళ్లు ఉంటాయి. స్టార్ట్ అవ్వకపోతే వెతకాల్సినవీ మూడే: కరెంటు, పెట్రోల్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి). ముందు ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది కానీ మండట్లేదు, పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, సగం రోగం అక్కడే దొరికిపోతుంది. తర్వాత అదే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి ఇనప భాగం ఇంజిన్ బాడీకి ఆనించి కిక్కు కొడితే నీలంగా స్పార్క్ రావాలి (పక్కన ఎక్కడా పెట్రోల్ లేకుండా చూసుకోండి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, ఇది సరదాకి చెప్పట్లేదు). ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి వేరేవాళ్లని కిక్కు కొట్టమంటే వేలు గట్టిగా నెట్టేయాలి, నెట్టకపోతే వాల్వులో పిస్టన్ రింగులో దెబ్బతిన్నట్టు, అలాంటి బండి కొనే ముందే ఇంకాస్త బేరమాడండి, లేదా వదిలేయండి.

నిలబడిపోయిన బండిలో ఎక్కువగా దొరికేది కార్బొరేటర్ రోగమే. పాత పెట్రోల్ ఎండిపోయి జిగురు కట్టి స్లో జెట్ (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) మూసుకుపోతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమని లాగుతుంది కాబట్టి కింద గిన్నెలో నీళ్లు కూడా చేరతాయి. సీటు కింద డబ్బా విప్పితే కార్బొరేటర్ కనిపిస్తుంది. జెట్టు రంధ్రంలోకి గట్టి తీగ గుచ్చొద్దు, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది, క్లీనర్ స్ప్రే కొట్టి గాలి ఊదితే చాలు. యాక్టివాతో విసుగొచ్చేది ఒక్కటే, ప్లాస్టిక్. లాకులు తెలియకుండా లాగితే పటుక్కున విరుగుతాయి. విప్పేటప్పుడు ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ పోండి, ఏ స్క్రూ ఎక్కడిదో రేపు గుర్తుండదు.

ఇక బీఎస్6. బండి కొత్తది, చూడ్డానికి బాగుంటుంది, కానీ నేర్చుకోడానికి కాదు. పంపు ట్యాంకులోనే ఉంటుంది, బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్కు కొట్టినా ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయదు, సెన్సార్ సంగతి తేల్చాలంటే చాలాసార్లు స్కానర్ కావాలి. హోండాలో ఇంజిన్ లైట్ ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ తప్పో తెలుస్తుంది కానీ ఆ సెన్సార్ నిజంగా పోయిందా, వైరే ఊడిందా అన్నది మీటర్ పట్టుకుని మనమే తేల్చుకోవాలి. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లకైతే ఓకే. పాడైన ఎలక్ట్రిక్ స్కూటర్ జోలికి అస్సలు వెళ్లకండి, లిథియం ప్యాక్ ఇంట్లో విప్పే వస్తువు కాదు.

ఏది కొన్నా డబ్బులిచ్చే ముందు ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో నంబర్ కొట్టి చూడండి, ఛాసిస్ నంబర్ బండి మీద వెతికి ఆర్సీతో సరిపోల్చండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది, పాత చేతక్‌లన్నిటికీ ఎప్పుడో దాటిపోయింది కాబట్టి రెన్యువల్ అయిందో లేదో అడగండి, బండి పేరు మార్చుకోడానికి 29, 30 ఫారాల మీద ఓనర్ సంతకం తీసుకోండి. ఆర్సీయే లేదంటే అది రోడ్డెక్కే బండి కాదు, తుక్కు రేటుకి ఇస్తేనే తీసుకోండి, విప్పి బిగించి చూసుకోడానికి పనికొస్తుంది.