సీసాకు కాగితం చుట్టాలా, లేబుల్ చూస్తూ తాగాలా?

ఇంట్లో ఆరుగురు మిత్రులు, బల్ల మీద నాలుగు చవక వైన్లు. లేబుళ్లు కనబడాలా, దాచాలా?

ఖర్చు: రెండింటికీ ఒకటే. 750 మి.లీ. సీసా తలా 60 మి.లీ. చొప్పున ఆరుగురికి రెండేసి విడతలు వస్తుంది.

శ్రమ: లేబుల్ చూస్తూ తాగితే మూత తీసి పోయడమే. దాచాలంటే న్యూస్‌పేపర్ చుట్టి, అంకెలు వేసి, వంటగదిలోనే గ్లాసుల్లో పోసి తేవాలి. మూత చూసినా గుర్తుపట్టేస్తారు. మాట్లాడే ముందు అందరూ తమ అభిప్రాయం కాగితం మీద రాయాలి. మొదట నోరు తెరిచినవాళ్ల మాటే మిగతావాళ్ల నాలుకకూ ఎక్కుతుంది.

నమ్మకం: అసలు తేడా ఇక్కడే. ధర తెలిస్తే నాలుక దానికి లొంగిపోతుంది. 1976లో పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు లేబుళ్లు చూడకుండా రుచి చూసి, తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియా వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. పేరు కనబడి ఉంటే అలా జరిగేదని నేననుకోను.

నేర్చుకోవడం: ఇందులో లేబుల్‌దే పైచేయి. నాసిక్ షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ అనే రెండు తెల్ల వైన్లు పక్కపక్కన పెట్టుకుంటే రుచి పేరుతో ముడిపడి గుర్తుంటుంది.

ఎలా తాగినా మిర్చి బజ్జీలు చివరికి ఉంచండి. నోట్లో కారం ఉంటే ఆల్కహాల్ మంట ఎక్కువవుతుంది. మధ్యలో మరమరాలు, మంచినీళ్లు చాలు.

కొత్తవాళ్లు ఎక్కువుంటే లేబుళ్లు కనబడనివ్వండి. విందుకు డజను సీసాలు ఏవి కొనాలో తేల్చాలంటే మాత్రం కాగితం చుట్టాల్సిందే.